నూరు అంగల దూరం

ఆస్టా తన మామగారి పాత ఉన్ని స్వెట్టర్‌ని దుప్పిపోతు ఉచ్చగుంటలో ముంచింది. బూటుకాలితో బాగా తొక్కి, పైకి తీసి, రెండు చేతులా పిండి, తల మీంచి తొడుక్కుంది. అరవై తొమ్మిదేళ్ల మనిషి. ముప్పై ఒక్క ఏళ్లు బడి వంటింట్లో చేతులు కడుక్కోకుండా గరిటె ముట్టని మనిషి. ఆమె ఆడబిడ్డ డాగ్నీ పక్కనే నిలబడి ముక్కు మూసుకుంది. కంపు భరించలేక కాదు. తమ్ముడి పెళ్లాం ఏ పని చేసినా ముక్కు మూసుకుని చూడటం ఆవిడకి నలభై నాలుగేళ్ల అలవాటు.

ఎదకాలం వచ్చిందంటే మూస్ దుప్పి పోతుకి ఆకలి ఉండదు, నిద్ర ఉండదు, సిగ్గు అసలే ఉండదు. గిట్టలతో గుంట తవ్వి, అందులో పోసి, అందులోనే పొర్లి, గెడ్డం నుంచి ఆ నీళ్లు కారుతుంటే పెళ్లికొడుకులా తిరుగుతుంది. ఆ వాసన పూసుకున్న మనిషిని దుప్పి మనిషి కింద లెక్కవేయదు. ఈ కిటుకు ఆస్టాకి నేర్పింది మామగారు హిల్డింగ్. స్వెట్టర్ ఇచ్చిందీ ఆయనే. ఇస్తూ ఒకే ఒక్క మాటన్నాడు: దీన్ని ఉతికితే నా మీద ఒట్టే. ఆయన పోయి ఇరవై ఆరేళ్లు. ఆ స్వెట్టర్ చెక్కలషెడ్డులో మేకుకి వేలాడుతూ, ఏటేటా ఒక పొర బురద, ఒక పొర పొగ, ఒక పొర పైన్ జిగురు పట్టించుకుంటూ, చివరికి ఏ రంగుదో చెప్పలేని స్థితికి చేరింది.

ఈసారి దాన్ని తొడుక్కోవడంలో ఆస్టాకి ఎప్పుడూ లేని పట్టుదల ఉంది. పేరు పెట్టే వంతు ఆమెది.

రోన్‌వాలెన్ ఊళ్లో సెప్టెంబర్ మొదట్లో వేట మొదలవుతుంది. నెలాఖరుకి ఎదకాలం రాగానే తుపాకులు బీరువాల్లోకి వెళ్లిపోతాయి. ఆ రెండు వారాలూ అడవి దుప్పులది. వంతు వచ్చిన ఒక్కరు మాత్రం కొండెక్కి, ఒక్క పోతుకి పేరు పెట్టవచ్చు. పేరున్న పోతుని ఆ ఏడు ఊరి వేటజట్టులో ఎవరూ కాల్చరు. అయితే ఊరికే పెట్టేస్తే కుదరదు. చేతిలో తుపాకీ ఉండకూడదు. జట్టులోంచి ఒక సాక్షి పక్కన ఉండాలి. పోతు నూరు అంగల లోపల నిలబడి ఉండగా పేరు పైకి అనాలి. తర్వాత సాక్షి వెళ్లి, గిట్టల అచ్చు దాకా అంగలేసి కొలవాలి. కాల్చగలిగిన దూరంలో ఉన్నదాన్ని వదిలేస్తేనే వదిలేసినట్టు, అందనిదాన్ని వదిలేయడానికి దానకర్ణుడు కానక్కర్లేదు అన్నది దీని వెనకున్న పాతవాళ్ల లెక్క.

అలా పెట్టిన పేర్లన్నీ వేటపాకలో పొయ్యి పైనున్న చెక్క మీద, ఎర్రగా కాల్చిన చువ్వతో రాసి ఉంటాయి. పోతు పేరు, పక్కన పెట్టినవాళ్ల పేరు. యాభై మూడు వరసలు. ఆస్టా జట్టులో చేరింది ఇరవై ఏళ్ల కింద. జట్టులో ఇరవై మంది. వంతు ఏడాదికొకరి చొప్పున తిరుగుతూ ఇప్పటికి ఆమె దాకా వచ్చింది. మళ్లీ వచ్చేసరికి ఎనభై తొమ్మిది నిండుతాయి. అప్పటికి దుప్పులే తనకి పేరు పెట్టుకోవాలని ఆమె నవ్వుతూ అనేది. నవ్వుతూ అన్నంత మాత్రాన ఆశ లేదని కాదు. సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఎవర్ట్‌ని చేసుకుని ఈ కొండకి వచ్చిన మనిషి. సగం ఊరి పిల్లలు ఆమె వండిన బఠాణీల సూప్ తాగి పెద్దవాళ్లయ్యారు. అయినా డాగ్నీ నోట ఆమె ఇంకా ‘తీరం పిల్ల’. ఆ చెక్క మీద తన పేరు ఒక్కసారి పడితే చాలనుకుంది.

ఏ పోతుకి పెట్టాలన్నది ఆస్టా ఎప్పుడో తేల్చుకుంది. ఎడమచెవి చిరిగిన ముసలి పోతు. తొమ్మిదేళ్ల కింద, అది రెండేళ్ల కుర్రదిగా ఉన్నప్పుడు, బడి వెనక పారేసిన కాబేజీ ఆకుల కోసం వచ్చి, కంచెలో చెవి చింపుకుంది. వంటింటి కిటికీలోంచి ఆస్టా, బయటినుంచి అది, ఒకరినొకరు చూసుకున్న పొద్దులు బోలెడు. ఇప్పుడు దానికి కొమ్ములు ఏటేటా తగ్గుతున్నాయి. వెనక లోయలో చేటలంత కొమ్ములున్న వయసు పోతు నాలుగు ఆడవాటిని వెంటేసుకుని తిరుగుతుంటే, దీని దగ్గర ఒక్కతే మిగిలింది. ఆ ఒక్కతీ మాత్రం ఎటూ కదలట్లేదు. సోమవారం వేట మళ్లీ మొదలైతే ముందుగా ఈ ముసలి పోతునే తీసేద్దామని జట్టుపెద్ద అల్గోత్ అప్పుడే అనేశాడు. అతనన్నదీ తప్పేం కాదు, తగ్గుతున్న పోతునే తీయాలి. అందుకే ఆస్టాకి ఆదివారంలోపు పని కావాలి.

సాక్షిగా డాగ్నీ తప్ప గతి లేకపోయింది. మిగతావాళ్లందరికీ ఉద్యోగాలు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ, డాగ్నీ విషయంలో అది తక్కువ అంచనా. డెబ్బై నాలుగేళ్లు, పొట్టి కాళ్లు, ఎడమ తుంటిలో నొప్పి, పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. పదకొండేళ్ల కింద తన వంతుకి పెద్ద పోతుని చూసి ‘రాజు’ అని పేరు పెట్టింది. రాజుగారు మూడో రోజున గట్టు దాటి పక్క ఊరివాళ్ల చలిపెట్టెల్లోకి వెళ్లిపోయాడు. ఆ ఊసు డాగ్నీ ముందు ఎవరూ ఎత్తరు.

ఆవిడ మనసులో అంతకన్నా పాత ముల్లొకటి ఉంది. అది ఆస్టాకీ తెలుసు. చిన్నప్పుడు డాగ్నీ నాన్న వెంట కొండెక్కుతానని ఏడ్చేది. ఆడపిల్లలకి అడవేమిటని తీసుకెళ్లేవాడు కాదు. కొడుకుని తీసుకెళ్తే వాడికి పుప్పొడి పడక తుమ్ములు. ఏళ్లు గడిచి, ఆయన కళ్లు మసకబారాక, చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఒక మనిషి కావలసివచ్చింది. అప్పటికి ఇంట్లో ఉన్నది కొత్తకోడలు. అరచేతులు దొప్పలా చేసి ఆడదుప్పిలా మూలగడం, గాలి ఎటుందో బూడిద వదిలి చూడటం, అన్నీ ఆ తీరం పిల్లకే నేర్పాడు. స్వెట్టర్ కూడా ఆమెకే ఇచ్చాడు. అన్నీ చూస్తూ డాగ్నీ తన ఇంట్లో తాను గిన్నెలు తోముకుంది.

గురువారం దాదాపు అయిపోయినట్టే అయింది. తెల్లవారేసరికి ఇద్దరూ చిన్నకొండ మీద బండచాటున కూర్చున్నారు. చిన్నకొండ అన్న పేరు పెట్టినవాడికి మోకాళ్ల నొప్పులు లేవని ఆస్టా అభిప్రాయం. కింద చిత్తడినేల ఎర్రబడి ఉంది, బిర్చి చెట్లు పచ్చటి పసుపు రంగులో ఉన్నాయి, పై శిఖరాన కొత్త మంచు. ఆస్టా మూలిగింది. విల్లో పొదల్లోంచి ‘ఉఫ్’ అని జవాబొచ్చింది. కొమ్ములతో పొదల్ని కుమ్ముకుంటూ, ముక్కుల్లోంచి పొగలు కక్కుకుంటూ చిరుగుచెవి బయటికొచ్చి, నిలబడింది. ఆస్టా పేరు అనబోయింది. డాగ్నీ తల అడ్డంగా ఊపింది.

అది వెళ్లిపోయాక డాగ్నీ కొలిచింది. నూట పన్నెండు. ఆస్టా కొలిచింది. తొంభై ఎనిమిది.

“నూరు అంగలన్నారు గానీ, ఎవరి అంగలో ఎవరూ అనలేదుగా?” అంది ఆస్టా.

“సాక్షి కొలవాలన్నారు. సాక్షిని నేను. కాళ్లు నావి.”

“నీ కాళ్లతో కొలిస్తే మా పెరటిగుమ్మం కూడా నూరు దాటుతుంది డాగ్నీ.”

“మరి పొడుగుకాళ్ల సాక్షిని తెచ్చుకోవాల్సింది” అని డాగ్నీ ఫ్లాస్కు మూత తీసి, ఆ కొండవాళ్ల అలవాటు ప్రకారం కాఫీలో చీజ్ ముక్కేసుకుని, చెంచాతో నొక్కుకుంటూ కూర్చుంది.

ఇంటికొచ్చి చెప్తే ఎవర్ట్ మండిపడ్డాడు. అక్కయినా సరే, అల్గోత్ దగ్గరికి వెళ్లి తేల్చుకోమన్నాడు. ఆస్టా ఒప్పుకోలేదు. ఫిర్యాదు చేసి గెలిస్తే చెక్క మీద ఆ పేరు చూసినప్పుడల్లా ఫిర్యాదే గుర్తొస్తుందని చెప్పి, ఒళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. ఆ మాట ఎవర్ట్ ఫోన్లో అక్కకి చేరేశాడో లేదో గానీ, మర్నాడు డాగ్నీ ఆమెని రెండుసార్లు ఓరగా చూసింది. శుక్రవారం పొగమంచు. శనివారం పోతు అవతలి వాలున ఉండిపోయింది. మిగిలింది ఆదివారం ఒక్కటే.

ఎవర్ట్ గురించి ఒక మాట చెప్పాలి. నలభై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాక అతను బట్టలుతకడంలో పడ్డాడు. ఏ మరక దేనికి పోతుందో, ఏ ఉన్నికి ఎంత వెచ్చని నీళ్లో, ఎవరూ అడగకపోయినా చెప్తాడు. పాపం, వేటసెలవు శనివారంతో అయిపోయిందనుకున్నాడు. పెళ్లాం వారం రోజులు చలిలో కూర్చుని ఉత్తచేతులతో వచ్చింది, ఏదైనా మంచి చేద్దామనిపించింది. మధ్యాహ్నం ఆస్టా కునుకు తీస్తుంటే చెక్కలషెడ్డులోకి వెళ్లి మేకు మీది స్వెట్టర్ తీశాడు.

ఆమె లేచేసరికి వంటింట్లో పొయ్యి పైన దండెం మీద నీలంరంగు స్వెట్టర్ ఒకటి ఆరుతోంది. మెడ చుట్టూ తెల్లటి చుక్కల వరస. ఎవరిదో కొత్తదనుకుంది. తర్వాత పైన్‌నూనె సబ్బు వాసన ముక్కుకి తగిలింది.

“ఐదు నీళ్లు పోశాను” అన్నాడు ఎవర్ట్, ముఖం వెలిగిపోతూ. “నాలుగో నీటిదాకా నల్లగా వస్తూనే ఉంది. ఇది నీలంరంగని నీకు తెలుసా?”

ఆస్టా కుర్చీలో కూలబడింది. రేపు ఇంకా ఉందని మాత్రం చెప్పింది. ఎవర్ట్ ముఖంలో వెలుగు పోయింది. కేలండర్ చూశాడు. స్వెట్టర్ చూశాడు. నాన్న పెట్టిన ఒట్టు అప్పుడు గుర్తొచ్చినట్టుంది, దండెం కిందే నిలబడిపోయాడు. ఆమెకి తిట్టాలనే ఉంది. కానీ మోచేతుల దాకా చొక్కా మడుచుకుని, నానిన వేళ్లతో, తుమ్ములతో ఎర్రబడిన ముక్కుతో ఉన్న ఆ మనిషిని చూస్తే నవ్వొచ్చింది. ఆ కంపుని తనకోసం ఐదు నీళ్లు భరించాడు కదా.

“రేపు గుంటలో మళ్లీ ముంచుకుంటాలే. నువ్వు కాఫీ పెట్టు” అంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ రాత్రి గడ్డకట్టే చలి పడింది. పొద్దున కొండెక్కి చూస్తే గుంట బండలా బిగుసుకుని ఉంది. మడమతో తన్నితే మడమకే తగిలింది. తడి పూర్తిగా ఆరని స్వెట్టర్‌లోంచి సబ్బు వాసన గుప్పుమంటోంది. డాగ్నీ దగ్గరికొచ్చి వాసన చూసింది.

“చర్చికి బయల్దేరావా?”

“నీ తమ్ముడు ఉతికాడు.”

డాగ్నీ నిట్టూర్చి బండ వైపు నడిచింది. ఆ తమ్ముణ్ని ఆవిడా ఎరుగును.

బండచాటున కూర్చున్నారు. గాలి కొంచెం పక్కగా వీస్తోంది. ఎండ చిత్తడి మీద పడి మంచు కరిగి మెరుస్తోంది, ఎంత చక్కటి పొద్దో. ఏది ఏమైనా ఈ పొద్దు తనదేననుకుంది ఆస్టా. మోకాళ్లు తిట్టుకుంటూనైనా మోసుకొచ్చాయి, ఫ్లాస్కులో వేడి కాఫీ ఉంది, ఎదురుగా అడవి ఉంది. చేతులు దొప్పలా చేసి, మోచేతులు పైకెత్తి, పొడుగ్గా మూలిగింది. ఆగింది. మళ్లీ మూలిగింది.

చిరుగుచెవి వచ్చింది. వెనకాలే దాని ఒక్కగానొక్క ఆడదీ వచ్చింది. పోతు ‘ఉఫ్, ఉఫ్’ అనుకుంటూ పొదల అంచుదాకా వచ్చి, ముక్కు పైకెత్తి, సబ్బు వాసన అందుకుని, ఆగిపోయింది. అంతే. ఇక ఒక్క అంగ ముందుకి వేస్తే ఒట్టు. పారిపోనూ లేదు. ఇదేం పువ్వు పూసిందో ఈ కాలంలో అన్నట్టు నిలబడి చూస్తోంది. గురువారం నాటి చోటికన్నా బాగా వెనకే ఉందని ఆస్టా కంటికే తెలుస్తోంది. మూడోసారి మూలిగింది. పోతు కదల్లేదు. అయిపోయిందనుకుంది. బాధ వేసింది, నిజంగానే వేసింది. అయినా చేతులు దించలేదు. దించితే అది కదిలి వెళ్లిపోతుంది, ఇంకాసేపు చూడాలని ఉంది.

పక్కన డాగ్నీ పోతుని చూడటం లేదు. ఆవిడ కళ్లెదురుగా ఆస్టా మోచెయ్యి ఉంది. నీలం ఉన్ని మధ్య, మోచేతి దగ్గర, అరచేయంత మేర ఎర్రదారంతో చిరుగు పూడ్చిన కుట్లు. వంకరటింకర కుట్లు. ఒక మూల దారం ముడి పెద్దగా ఉబ్బి ఉంది.

“నీలందారం దొరకలేదు” అంది డాగ్నీ, గొంతు బాగా తగ్గించి.

ఆస్టాకి అర్థం కాక కళ్లు తిప్పి చూసింది.

“పన్నెండేళ్లు నాకు. ఎర్రదారంతో కుట్టానని అమ్మ చెవి మెలేసింది, విప్పి మళ్లీ కుట్టమంది. నాన్న విప్పనివ్వలేదు.” డాగ్నీ వేలు చాచి ఆ ముడిని ముట్టుకుంది. “తర్వాత ఎక్కడో పారేశాడనుకున్నా. దీన్నే వేసుకుని తిరిగేవాడా, ఇన్నేళ్లూ?”

“ఇది తప్ప ఇంకోటి వేసుకునేవాడు కాదు” అంది ఆస్టా. అది నిజం.

డాగ్నీ ముక్కు చీదుకోవాలని ఉన్నా పోతు బెదురుతుందని చేతివెనక తుడుచుకుంది. తర్వాత మామూలు గొంతుతో, ఆజ్ఞ వేసినట్టుగా అంది.

“పేరు చెప్పు.”

“దూరం చాలా ఉంది డాగ్నీ.”

“కొలిచేది నేను. నువ్వు చెప్పు.”

ఆస్టా లేచి నిలబడింది. వారం రోజులుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పేరుని పైకి, స్పష్టంగా అంది.

“స్ట్రొమ్మింగ్.”

అది కొండ పేరు కాదు, అడవి పేరు అంతకన్నా కాదు. ఆమె నాన్న పడవనిండా వచ్చే వేలెడంత సముద్రపు చేప. గుర్రమంత జంతువు ఆ పేరుకి తన చిరుగుచెవిని ఒకసారి ఇటు తిప్పింది. తర్వాత ఏమీ తొందర లేకుండా వెనుదిరిగి, ఆడదాని పక్కన చేరి, ఇద్దరూ పొదల్లోకి వెళ్లిపోయారు.

“చేపా?” అంది డాగ్నీ.

“చేపే.”

డాగ్నీ తల ఊపి, చేతికర్ర బండకి ఆనించి, కొలవడానికి బయల్దేరింది. మొదటి అంగ చూడగానే ఆస్టా నోరు తెరుచుకుంది. గురువారం చీరలో పేరంటానికి వెళ్తున్నట్టు నడిచిన మనిషి, ఇవాళ కాలవ దాటుతున్నట్టు కాలు చాపి వేసింది. తర్వాతిది ఇంకా పెద్దది. తుంటి పట్టుకుంటోంది, ఆగుతోంది, ఊపిరి తీసుకుని మళ్లీ చాపుతోంది. ప్రతి అంగకీ లెక్క కొండకంతా వినపడేలా పైకి చెప్తోంది. ఒకచోట రెండు గడ్డిదుబ్బుల మధ్య దూకింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి దూకింది, ఒకటనే లెక్క వేసింది.

“డాగ్నీ, తుంటి జాగ్రత్త” అని అరిచింది ఆస్టా. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

“లెక్క తప్పించకు” అని అక్కడినుంచి జవాబొచ్చింది.

ఎనభై. తొంభై. తొంభై ఆరుకి బురదలో బూటు దిగబడింది. లాక్కుంది. తొంభై ఏడు, తొంభై ఎనిమిది. గిట్టల అచ్చు ఇంకా కాస్త ఎడంగా ఉంది. డాగ్నీ నడుం మీద చేతులేసుకుని, దాన్ని ఒకసారి కోపంగా చూసి, మొత్తం ఒంటిని ముందుకి విసిరి, అచ్చులో కాలు మోపింది.

“తొంభై తొమ్మిది” అంది.

ఈసారి ఆస్టా తిరిగి కొలవలేదు.

సాయంత్రం వేటపాకలో జట్టంతా చేరారు. డాగ్నీ పొయ్యిలో చువ్వ కాల్చి, స్టూలెక్కి, నాలుక బయటపెట్టి మరీ ఒక్కో అక్షరం చెక్క మీద రాస్తోంది. ఎప్పుడూ రాసేది ఆవిడే, చేతిరాత ముద్దొస్తుంది. స్ట్రొమ్మింగ్ అన్న పేరు చూసి నవ్వులు లేచాయి. పోతుకి చేప పేరేమిటని అల్గోత్ అడిగాడు.

“మా నాన్న కోడలు పెట్టింది. నీకేమన్నా నొప్పా?” అంది డాగ్నీ వెనక్కి తిరక్కుండానే.

అల్గోత్‌కి నొప్పేం లేదు. కాకపోతే పొద్దున అవతలి గట్టునుంచి బైనాక్యులర్స్‌లో అతను కూడా ఆ పొదల అంచుని చూశాడు. గెడ్డం గోక్కున్నాడు. ఎన్ని అంగలని అడిగాడు. తొంభై తొమ్మిదని చెప్పింది డాగ్నీ. ఎవరి కాళ్లతో అని అడిగాడు.

చువ్వ ఆగింది. డాగ్నీ స్టూలు మీంచి కిందికి, తన పొట్టి కాళ్లకేసి ఒకసారి చూసుకుని, అతనికేసి చూసింది.

“నా కాళ్లతో” అంది.

అల్గోత్ తల ఊపి, తన కప్పు ఆస్టా ముందుకి చాపాడు. డాగ్నీ మళ్లీ చెక్క వైపు తిరిగి, ఆస్టా పేరులో మిగిలిన రెండక్షరాలూ పూర్తి చేసింది. ఆస్టా కప్పుల్లో కాఫీ పోసి, ఉన్నవాటిలోకల్లా పెద్ద చీజ్ ముక్క ఏరి డాగ్నీ కప్పులో వేసింది.